కోటవాకిలి బలం తలుపులో లేదు, దారిలో ఉంది

వింజమూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి మూడు సందేహాలు పంపారు. స్నేహితులతో కలిసి ఉదయగిరి దుర్గం ఎక్కినప్పుడు దారి గోడల మధ్య మెలికలు తిరుగుతూ పోయిందని, అంత పేరున్న కోటకు ఎదురుగా సూటిగా కనిపించే పెద్ద ద్వారం ఎందుకు పెట్టలేదో అర్థం కాలేదని మొదటిది. కోట తలుపులకు ఇనుప శూలాలు కొట్టింది ఏనుగుల కోసమేనన్న మాట నిజమా అన్నది రెండోది. మన పాత ద్వారాలకు పైన రాతిదూలం అడ్డంగా ఉంటే గోల్కొండలో కమాను ఎందుకు ఉందన్నది మూడోది. చివరగా "ద్వారం ఎంత గట్టిదైతే కోట అంత గట్టిది కదా" అని కూడా రాశారు. రాతి కట్టడాల మరమ్మతు పనుల్లో ఉద్యోగకాలం గడిపి ఆత్మకూరులో స్థిరపడినవాణ్ని కనుక, పుస్తకాల్లో చదివినదీ పనిలో చేతికి తగిలినదీ కలిపి జవాబు రాస్తున్నాను.

ఆ చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా మూడు ప్రశ్నలకూ జవాబు అందులోనే ఉంది. కోటగోడలో ద్వారం ఒక లోపం. ఎంత మందంగా కట్టినా, ఎన్ని శూలాలు కొట్టినా అది గోడంత గట్టిది కాలేదు, ఎందుకంటే అది రోజూ తెరుచుకోవాలి. ఈ లోపాన్ని కప్పిపుచ్చడానికి శిల్పులు తలుపు మీద కన్నా తలుపు దాకా వచ్చే దారి మీదే ఎక్కువ బుద్ధి పెట్టారు. శత్రువు ఏ వైపు నుంచి రావాలి, ఎంతమంది పక్కపక్కన నడవగలరు, ఎక్కడ ఆగాలి, ఆగినప్పుడు వాడి ఏ భుజం గోడ వైపు ఉండాలి అన్నవన్నీ ముందే లెక్క కట్టి ఆ లెక్క ప్రకారం దారి వేశారు. తలుపు అన్నది ఆ దారిలో చివరి అంకం మాత్రమే.

దీనికి అన్నిటికన్నా మంచి సాక్ష్యం మీరు ఎక్కిన కొండే. ఉదయగిరి దుర్గం 3,079 అడుగుల ఎత్తున ఉంది. అది మంచి స్థితిలో ఉన్న రోజుల్లో కొండ మీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు కోటలు ఉండేవని పాత గెజిటీర్లు రాశాయి. శ్రీకృష్ణదేవరాయలు 1513లో దీన్ని ఒడిశా రాజులైన గజపతుల నుంచి తీసుకోవడానికి వచ్చినప్పుడు ముట్టడి దాదాపు ఏడాదిన్నర సాగి 1514లో ముగిసింది. ఆ తరవాత ఇరవయ్యేళ్లకు విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ ఈ ముట్టడి గురించి రాసిన నాలుగు మాటలు కోటల నిర్మాణం చదివేవాళ్లందరూ చూడవలసినవి. కోటలో పదివేలమంది కాల్బలం, నాలుగువందల గుర్రాలు ఉన్నాయనీ, ఆ స్థలం బలానికి అంతకు మించి అవసరం లేదనీ, తిండి కరువైతే తప్ప అది లొంగేది కాదనీ ఆయన అంటాడు. కొండకు ఒకే ఒక్క వైపు నుంచి దారి ఉందనీ, అది మనుషులు ఒకరి వెనక ఒకరు మాత్రమే నడవగలిగేంత ఇరుకనీ చెప్తాడు. మరి రాయలు ఏం చేశాడు? తలుపులు బద్దలు కొట్టించినట్టు అక్కడ లేదు. ఆ ఇరుకు దారి ఉన్నచోట రాళ్లు పగలగొట్టించి వెడల్పైన బాట వేయించాడు, అది చాలక ఇంకా కొన్ని బాటలు వేయించి బురుజుల దగ్గరికి చేరాడు.

ఇది కొంచెం ఆగి ఆలోచించవలసిన సంగతి. అన్ని వేల సైన్యం ఉన్న చక్రవర్తి పని, ఆ ముట్టడిలో ఎక్కువ భాగం, రాళ్లు కొట్టే పనివాళ్లతోనే గడిచింది. కోట రక్షణ అంతా దారి ఇరుకులో ఉందని ఆయనకు తెలుసు, కనుక ఆ ఇరుకునే ముందు తీసేశాడు. ఉదయగిరిలో మీరు వెతికిన సూటి ద్వారం ఎందుకు లేదో దీన్నిబట్టే తెలుస్తుంది. సూటి ద్వారం పెట్టి ఉంటే ఏడాదిన్నర పట్టేది కాదు.

నేల మీద కట్టిన కోటకు కొండ ఇచ్చే ఈ సాయం ఉండదు కాబట్టి అక్కడ ఆ మెలికను గోడలతోనే సృష్టించాలి. ఓరుగల్లులో కాకతీయులు కట్టిన లోపలి రాతికోట ద్వారాలను చూడండి. గోడలోంచి ముందుకు చొచ్చుకువచ్చిన కట్టడంలోకి ఒక పక్క నుంచి దూరి, లోపల మలుపు తిరిగి, మళ్లీ ఇంకో మలుపు తిరిగితే తప్ప ఊరి నేల మీద కాలు పడదు. హంపీలో భీముని ద్వారం అని పిలిచేదీ ఈ పద్ధతిదే. ఈ మలుపుకు మూడు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది ఏనుగు. ఏనుగు తలుపును పడగొట్టేది తన బరువుతో పాటు పరుగు వేగంతో, ఆ పరుగుకు తలుపు ముందు కొంత సూటి నేల కావాలి. మలుపు తిరిగిన వెంటనే తలుపు ఉంటే ఏనుగు అక్కడ నిలబడి నుదుటితో నెట్టడమే కాని పరిగెత్తి గుద్దడం కుదరదు. పైనుంచి రాళ్లూ కాగిన నూనే పడుతుంటే అది వెనక్కి తిరగడానికి కూడా చోటు ఉండదు, తిరిగితే తొక్కేది తన వెనక వస్తున్న సైన్యాన్నే.

రెండోది డాలు. కాల్బలంలో మనిషి కుడిచేత కత్తి, ఎడమచేత డాలు పట్టుకుంటాడు. దారిని ద్వారం దాకా గోడకు ఆనుకుని నడిపించి, ఆ గోడ వచ్చేవాడి కుడి వైపున ఉండేలా చూస్తే, డాలు లేని భుజం మొత్తం విల్లుకాళ్లకు అప్పగించినట్టే. ఇది మన దేశపు తెలివి మాత్రమే కాదు. గ్రీసులోని మైకీనే నగరంలో క్రీస్తుపూర్వం 1250 ప్రాంతంలో కట్టిన సింహద్వారం ముందు, లోపలికి వెళ్లేవాడి కుడి పక్కన ఒక బురుజు ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది, ఎడమ పక్కన కోటగోడే ఉంటుంది. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని అనుకోనక్కరలేదు. డాలు ఎడమచేత పట్టే లోకంలో ఎక్కడ ఆలోచించినా ఈ జవాబే వస్తుంది.

మూడోది ఫిరంగి. పెద్ద ఫిరంగులు వచ్చాక ద్వారాన్ని దూరం నుంచే కొట్టవచ్చు, అందుకని తలుపు బయటికి కనిపించకూడదు. గోల్కొండలో బాలాహిస్సార్ దర్వాజా ఎదురుగా ఒక అడ్డుగోడ నిలబడి ఉండటం చాలామంది చూసే ఉంటారు. చూడటానికి వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టి పైన వినిపించిందా అని అడుగుతారే కాని, ఈ గోడ ఇక్కడెందుకు అని ఎవరూ అడగరు. ఆ గోడ పక్కనుంచి తిరిగి వెళ్లాలి తప్ప సూటిగా తలుపు మీదికి గుండు రాదు. దేవగిరిలో, అంటే దౌలతాబాదులో, ఈ ఆలోచన ఇంకా ముదిరింది. కొండ చుట్టూ రాయిని తొలిచి అగడ్త తీశారు, దాటాక చీకటి సొరంగంలోంచి పైకి ఎక్కాలి. ఆ చీకట్లో వందమంది ఉన్నా ముందున్న ఒక్కడితోనే యుద్ధం.

అయితే మలుపు ఒక్కటే దారి అనుకోకూడదు. చైనాలోని నాంజింగ్ నగరానికి మింగు రాజులు పద్నాలుగో శతాబ్దంలో కట్టించిన దక్షిణ ద్వారంలో నాలుగు వాకిళ్లూ ఒకే వరసలో సూటిగా ఉంటాయి, వాటి మధ్య మూడు ముంగిళ్లు ఉంటాయి. పైనుంచి జారవిడిచే తలుపులతో శత్రువును ఆ ముంగిళ్లలో బంధించి చుట్టూ గోడల మీది నుంచి కొట్టడం వాళ్ల పద్ధతి. మనవాళ్లు దారిని వంచితే వాళ్లు దారిని ముక్కలు చేశారు. సూటి ద్వారం అన్నది అసలు ఎక్కడ కనిపిస్తుందో గమనిస్తే, ఊరేగింపు ముఖ్యమైన చోట కనిపిస్తుంది. బాబిలోనులో నెబుకద్నెజరు క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో కట్టించిన ఇష్తారు ద్వారం నీలిరంగు మెరుగుటిటుకలతో దేవతల ఊరేగింపు వీథికి సూటిగా నిలబడింది. మనకు ఆ పని ఆలయ గోపురం చేసింది. హంపీలో కోటవాకిళ్లు వంకర తిరుగుతాయి, ఆలయ గోపురాలు మాత్రం రథవీథికి ఎదురుగా దారం పట్టినట్టు సూటిగా ఉంటాయి. మన నెల్లూరు రంగనాయకుల గుడి గాలిగోపురం చూసి పెరిగిన కళ్లతో కోటకు కూడా అలాంటి ద్వారం వెతకడం సహజమే. కాని గోపురం రమ్మని పిలవడానికి కట్టినది, గవని, అంటే కోటవాకిలి, ఆపి అడగడానికి కట్టినది.

ఇంతవరకు యుద్ధం సంగతి చెప్పాను. కాని కోట చరిత్రలో యుద్ధం జరిగే రోజులు చాలా తక్కువ. మిగతా రోజులన్నీ ఆ వాకిలి గుండా బళ్లు, పెరికె ఎద్దులు, పాలవాళ్లు, గడ్డిమోపులు, పెళ్లివారు, శవాలు పోవాలి. ఈ సంగతి మరిచిపోయి ద్వారాల గురించి రాసేవాళ్లు సగమే రాస్తున్నారని నా అభిప్రాయం. మలుపు ఎంత ఇరుకుగా ఉంటే రక్షణకు అంత మంచిది, కాని కాడి కట్టిన రెండెద్దుల బండి ఆ మలుపులో తిరగలేకపోతే ఊళ్లోకి ధాన్యం రాదు. అంబారీ ఉన్న ఏనుగు పట్టాలి కనుక ఎత్తు తగ్గించలేరు. ద్వారాల వెడల్పూ ఎత్తూ నిర్ణయించినది శత్రువు కాదు, బండి ఇరుసూ అంబారీ కొసా.

డబ్బు సంగతి మరీ ముఖ్యం. సుంకం వసూలు చేయడానికి గవని కన్నా మంచి చోటు లేదు, ఎందుకంటే సరుకు తప్పించుకుపోవడానికి వేరే దారి ఉండదు. విజయనగరం వాకిలి ఒక్కటి ఏడాదికి 12,000 పర్దావులకు (అప్పటి బంగారు నాణేలు) గుత్తకు పోయేదనీ, గుత్తదారు అడిగింది కట్టకుండా ఎవరూ లోపలికి రాలేరనీ ఇదే న్యూనిజ్ రాశాడు. ద్వారం లోపల రెండు పక్కలా ఎత్తైన అరుగులూ స్తంభాల మండపాలూ కనిపిస్తే అవి కావలివాళ్లకోసం మాత్రమే అనుకోకండి. సుంకరి కూర్చునేదీ, మూటలు విప్పి చూసేదీ అక్కడే. ద్వారం పక్కన గదులు పెట్టే అలవాటు మన ఉపఖండంలో ఎంత పాతదంటే, గుజరాత్‌లోని ధోలావీరాలో సింధు నాగరికత నాటి ఉత్తర ద్వారం పక్కగదిలో పది పెద్ద గుర్తులతో రాసిన పలక దొరికింది. గ్రీకు రాయబారి మెగస్తనీసు పాటలీపుత్రానికి 64 ద్వారాలూ 570 బురుజులూ ఉన్నాయని చెప్పాడు. అన్ని ద్వారాలు యుద్ధం దృష్టితో ఎవరూ పెట్టరు, గంగ ఒడ్డున వర్తకం అడిగితేనే పెడతారు. కౌటిల్యుడు మాత్రం పన్నెండు చాలన్నాడు.

రాత్రి పెద్ద తలుపులు మూసేశాక వచ్చినవాడి కోసం తలుపులోనే చిన్న తలుపు ఉండేది. మన వైపు దాన్ని దిడ్డి అంటారు. మనిషి నడుము వంచి, తల ముందు పెట్టి దూరవలసినంత చిన్నది. దాన్ని అలా చేయడంలో ఉద్దేశం స్పష్టమే, లోపల కావలివాడు నిలబడి ఉండగా తల ముందు పెట్టి వచ్చేవాడు కత్తి దూయలేడు.

ఇక తలుపు దగ్గరికి వద్దాం. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో దుర్గవిధానం అనే భాగం ఉంది. ఒక్కొక్క దండం (ఆ కాలపు పొడవు కొలత) ఎడంతో మూడు అగడ్తలు తవ్వాలనీ, వాటి వెడల్పు పద్నాలుగు, పన్నెండు, పది దండాలు ఉండాలనీ, ఆ మట్టితో కట్టిన వప్రాన్ని, అంటే మట్టికట్టను, ఏనుగులతోనూ ఎద్దులతోనూ తొక్కించి గట్టిపరచాలనీ, దాని మీద ఇటుకతోనో రాతితోనో ప్రాకారం కట్టాలి తప్ప కొయ్యతో కట్టవద్దనీ, కొయ్యలో నిప్పు కాచుకుని ఉంటుందనీ అక్కడ చెప్తారు. అగడ్త మీది వంతెన తీసివేయడానికి వీలుగా ఉండాలి, నీళ్లు లేని చోట మట్టితో కట్టవచ్చు. తలుపుకు ఏనుగులను ఆపే గడియమానులు, అంటే తలుపు వెనక అడ్డంగా వేసే దూలాలు, నాలుగు ఉండాలి. ఈ చివరి వాక్యం చదివినప్పుడు నాకు వెంటనే గుర్తుకువచ్చేవి పాత ద్వారాల రాతి చట్రాల్లో కనిపించే గుంటలు.

మీరు ఈసారి ఏ పాత కోటకు వెళ్లినా ఇది చూడండి. ద్వారం పక్కరాళ్లలో తలుపు వెనక భాగాన, నడుము ఎత్తునా భుజం ఎత్తునా ఎదురెదురుగా నలుచదరపు గుంటలు ఉంటాయి. ఒక పక్కది జానెడు లోతు ఉంటుంది. రెండో పక్కది చేయి పెడితే మోచేయి దాటి పోతుంది, ఒక్కోచోట కర్ర దూర్చినా అడుగు అందదు. గడియమాను పగలంతా ఆ లోతైన గుంటలోనే దాగి ఉంటుంది. సాయంత్రం తలుపులు మూసి దాన్ని ఈడ్చి ఎదుటి గుంటలోకి దిగేస్తారు. అలా చేస్తే గడియ పోయేదీ లేదు, ఎత్తుకు రావలసిన పనీ లేదు, ఇద్దరు మనుషులు దాన్ని ఈడ్చగలరు. తలుపు మీద పడే దెబ్బ అంతా మొదట గడియమానుకు, దాని నుంచి రెండు పక్కల రాళ్లకు, వాటి నుంచి గోడకు వెళ్తుంది. కనుక తలుపు గట్టిగా ఉందా అని అడగడం కన్నా ఆ గుంట రాయి ఎంత మందం అని అడగడం మేలు. గుంట చుట్టూ రాయి పెచ్చులూడి కనిపిస్తే అక్కడ ఎప్పుడో పెద్ద ఒత్తిడి పడిందని అనుమానించవచ్చు. గుంట అంచు ఒక వైపే నున్నగా అరిగి ఉంటే అది రోజువారీ ఈడ్పు వల్ల వచ్చిన అరుగుదల.

తలుపు రెక్కలకు ఈ కాలపు మడతబందుల్లాంటివి ఉండవు. రెక్క అంచు మానునే పైకీ కిందికీ కొంచెం పొడుగు ఉంచి కుసిగా చెక్కి, కింద గడప రాతిలో తొలిచిన గిన్నెలాంటి గుంటలోనూ, పైన రాతిదూలం నుంచి ముందుకు వచ్చిన కన్నపు రాతిలోనూ దించేవారు. బందులైతే పీకి వేయవచ్చు, ఈ కుసిని పీకాలంటే పై రాయినే పగలగొట్టాలి. తలుపు పోయి శతాబ్దాలైనా గడపలో ఆ గుంట మిగిలే ఉంటుంది. దాన్నిబట్టి తలుపు ఏ వైపుకు తెరుచుకునేదో, ఎంత వెడల్పు ఉండేదో చెప్పవచ్చు. కోట తలుపులు లోపలికే తెరుచుకుంటాయి, ఎందుకంటే బయటికి తెరుచుకుంటే గడియమాను పెట్టి లాభం లేదు.

శూలాల మాట నిజమే. ఏనుగు తలుపును నెట్టేది నుదుటితో, కనుక శూలాలు దాని నుదురు తగిలే ఎత్తున వరసలుగా ఉంటాయి. దానికి విరుగుడుగా ఏనుగు నుదుటికి ఉక్కు రేకు కట్టేవారు. కాని శూలాలు చేసే పని అదొక్కటే కాదు. పలకలూ వాటి వెనక అడ్డపట్టీలూ కలిసి ఒకే దిమ్మగా పట్టి ఉంచేది ఆ శూలాల కాడలే, అవి వెనకకు దూసుకువచ్చి అక్కడ మడిచి కొట్టి ఉంటాయి. వాటితోబాటు వేసిన ఇనుప రేకులు నిప్పు నుంచి కాపాడతాయి. నా లెక్కలో ఏనుగు కన్నా నిప్పే తలుపుకు పెద్ద శత్రువు, ఎందుకంటే ఏనుగును తేవడానికి రాజు కావాలి, ఎండుగడ్డి మోపుకు ఎవరైనా చాలు. ఫిరంగులు వచ్చాక ఏనుగుతో తలుపు కొట్టించే అవసరం తగ్గిపోయినా శూలాలు కొట్టడం మానలేదు, కోటతలుపు అంటే అలా ఉండాలన్న భావన స్థిరపడిపోయింది.

మూడో ప్రశ్న, రాతిదూలం, కమాను. రాయి మీద ఎంత బరువు పెట్టినా మోస్తుంది, కాని వంచితే విరుగుతుంది. అడ్డదూలం కింది భాగం సాగడానికి చూస్తుంది, రాయికి సాగే గుణం లేదు. దూలం నిడివి రెట్టింపు అయితే, దాని మీద బరువు అడుగుకు అంతే ఉన్నా, మధ్యలో వంచే ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది. అందుకని మన శిల్పులు రెండు పక్కల నుంచీ రాళ్లను ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం ముందుకు జరిపి, మధ్యలో మిగిలిన ఖాళీని తగ్గించి, ఆ పైన దూలం వేశారు. బోదెల్లా పొడుచుకు వచ్చిన ఆ రాళ్ల మీద మొగ్గలు చెక్కితే అందానికనుకుంటాం, అసలు పని నిడివి తగ్గించడం. మైకీనే సింహద్వారంలో దూలం బరువు ఇరవై టన్నుల దాకా ఉంటుందని అంచనా. అంత రాయి వేసి కూడా దాని మీద గోడ బరువు పడకుండా ముక్కోణపు ఖాళీ వదిలారు, ఆ ఖాళీని మూసిన పలక మీద చెక్కినవే ఆ రెండు సింహాలు. కమాను ఈ చిక్కును వేరే విధంగా తీరుస్తుంది. అందులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుందే కాని ఏ రాయీ వంగదు, కనుక చిన్న రాళ్లతో పెద్ద వెడల్పు దాటవచ్చు. దక్కనులో బహమనీల కాలం నుంచి కమాను ద్వారాలు బాగా వ్యాపించాయి, గోల్కొండ ఆ సంప్రదాయానికి చెందినది. మనవాళ్లకు రాదు, వాళ్లకు వచ్చు అన్న తగువు అక్కరలేదు. పెద్ద పెద్ద నల్లరాళ్లు చేతికి దగ్గరగా దొరికే చోట దూలం సులువు. కమానుకు సున్నమూ, కట్టేటప్పుడు కింద నిలబెట్టే కొయ్య అచ్చూ కావాలి, కాని పక్కలకు నెట్టే దాని ఒత్తిడిని తట్టుకునే బరువైన బురుజులు కోటలో ఎలాగూ ఉంటాయి.

గోడ మట్టిదైనా ద్వారం మాత్రం రాతితో కట్టడం మన ప్రాంతంలో మామూలు. నెల్లూరు పట్టణానికే ఒకప్పుడు కోట ఉండేది. 1757లో ఆంగ్లేయుల సేనాని ఫోర్డు దాన్ని ముట్టడించి తీసుకోలేక వెనుదిరిగాడు. ఆనాటి కథనం ప్రకారం గోడలన్నీ మట్టివి, ద్వారమూ కొన్ని బురుజులూ మాత్రమే రాతివి. గోడ మీద ఆరడుగుల పిట్టగోడ ఉండేది. తుపాకులు పెట్టి కాల్చడానికి ఆ పిట్టగోడలో కాల్చిన మట్టిగొట్టాలను గోడ పచ్చిగా ఉన్నప్పుడే పరిచి దానితోబాటు ఎండనిచ్చారు. మట్టిగోడను చిన్నచూపు చూడకండి. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడించినప్పుడు అక్కడి వెలుపలి మట్టికోట గురించి ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, దాని మీద రాళ్లు విసిరితే పిల్లలు ఆడుకునే కాయల్లా ఎగిరి వెనక్కి పడతాయని రాశాడు. మట్టి దెబ్బను మింగేస్తుంది. కాని ద్వారం దగ్గర మట్టి పనికిరాదు. అక్కడ రోజూ బండి ఇరుసు ఒరుసుకుంటుంది, పై దూలం బరువు రెండు కాళ్ల మీదే పడుతుంది, వానకు అంచు కరిగితే ఆపేది ఉండదు. వాన సంగతి మన కోస్తావాళ్లకు చెప్పనక్కరలేదు. కళింగ రాజు ఖారవేలుడు తాను పట్టానికి వచ్చిన మొదటి ఏడే గాలివానకు దెబ్బతిన్న నగరపు గోపురాలూ ప్రాకారాలూ బాగుచేయించానని హాతిగుంఫా శాసనంలో చెప్పుకున్నాడు.

ఇక మీ చివరి మాట. గోల్కొండను ఔరంగజేబు 1687లో ఎనిమిది నెలలు ముట్టడించాడు. గోడలు పడలేదు, తలుపులు విరగలేదు. అబ్దుల్లా ఖాన్ పానీ అనే లోపలి సర్దారు లంచం పుచ్చుకుని రాత్రివేళ ఒక వాకిలి తెరిచాడు. దారిని ఎంత వంచినా, నాలుగు గడియమానులు వేసినా, వాటిని లోపల నుంచి ఈడ్చేది మనిషే. ఆ భయం వల్లనే పెద్ద కోటల్లో ఒక ద్వారానికీ దాని వెనక ద్వారానికీ వేర్వేరు కావలివాళ్లను పెట్టడం, తాళాలు ఒకే చేతిలో ఉంచకపోవడం కనిపిస్తుంది. అది కట్టడం పని కాదు, పాలన పని, కనుక ఇక్కడ ఆపుతాను.

మళ్లీ ఉదయగిరి వెళ్లినప్పుడు ఒక్క విషయం గమనించండి, మీ స్నేహితులకూ చెప్పండి. మన నెల్లూరు జిల్లాలోనూ ప్రకాశంలోనూ గుప్తనిధుల ఆశతో కోటవాకిళ్ల గడపల కింద తవ్వేవాళ్లు ఉన్నారు. గడప అలంకారం కాదు. రెండు పక్కల నిలువురాళ్లూ కింద ఒకదానివైపు ఒకటి జరగకుండా ఆపేది అదే, తలుపు కుసి ఆనేదీ దాని మీదే, చాలా కోటల్లో వాన నీరు బయటికి పోయే కాలువ నడిచేదీ దాని కిందే. గడపను కదిలిస్తే నీరు పునాదిలోకి దిగుతుంది, నిలువురాయి కాలు లోపలికి జారుతుంది, దానితో పైదూలం ఒక వైపు ఆసరా కోల్పోయి మధ్యకు కాకుండా ఆ మూలకు పగులుతుంది. పగులు మూలలో ఉందా మధ్యలో ఉందా అన్నది చూస్తే ఆ ద్వారాన్ని చెడగొట్టింది పై బరువా, కింద తవ్విన చేతులా అన్నది తెలిసిపోతుంది. నేను చూసిన వాటిలో మూల పగుళ్లే ఎక్కువ. తాజాగా తవ్విన గుంట కనిపిస్తే మీరే మట్టితో పూడ్చి సర్దే ప్రయత్నం చేయకుండా, ఫోటో తీసి, గ్రామ రెవెన్యూ అధికారికీ పురావస్తు శాఖకూ రాతపూర్వకంగా తెలియజేయండి, తేదీ వేయడం మరిచిపోకండి.